టియెదాన్ గొంతు

నవంబరు 3

టియెదాన్ పాత్ర మా వెన్‌చీకి వెళ్ళిపోయింది. నాకేం బాధ లేదు.

డౌ నన్ను తన గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, తనే టీ పోశాడు. దర్శకుడు తన చేత్తో టీ పోశాడంటే ఎదుటివాళ్ళకి ఏదో మూడిందని మా స్టూడియోలో అందరికీ తెలుసు.

"వదినా, ఈసారి బొమ్మలన్నీ కంప్యూటర్లోనే గీస్తున్నారు. టియెదాన్ కూడా కాస్త చిన్నవాడయ్యాడు" అన్నాడు.

"ఇంజను చిన్నదవడం ఏమిటి? నేను ముసలిదాన్నయ్యానని చెప్పలేవా?"

"అబ్బే, అలా కాదు వదినా. మీకోసం మంచి పాత్ర దాచాను. క్రేన్ అమ్మమ్మ."

"తుప్పు పట్టిందా ఆ క్రేను?"

"కొంచెం" అన్నాడు పాపం, నిజాయితీగా.

ఇరవయ్యేళ్ళ కిందట ఆ పిల్లల సీరియల్ మొదటిసారి వచ్చినప్పుడు టియెదాన్ గొంతు నాది. చాంగ్‌చున్ వీధుల్లో పిల్లలు ఇంజనాట ఆడితే నాలాగే కూత వేసేవాళ్ళు. వరద రానీ, మంచు రానీ, "నేనున్నాగా!" అని ముందుకు దూకే ఆవిరి ఇంజను. టియెదాన్ అంటే ఇనపగుడ్డు. పిల్లాడికి అలాంటి మోటు పేరు పెడితే దిష్టి తగలదంటారు, అందుకే ఆ పేరు. మరి వాడికి గొంతు ఇచ్చినదాని దిష్టి సంగతి ఎవరూ ఆలోచించినట్టు లేరు.

వెన్‌చీ నాకు చెల్లెలే. ఒక కడుపున పుట్టలేదు గాని ఒకే గురువుగారి దగ్గర నేర్చుకున్నాం. నేను మొదటి వరసలోదాన్ని, అది ఆయన చివరి శిష్యురాలు. ఆయన మంచం పట్టాక దానికి సగం పాఠాలు చెప్పింది నేనే. మైకుకి ఎంత ఎడంగా నిలబడాలో, కడుపులో గుడగుడలు వినపడకుండా రికార్డింగుకి ముందు ఏం తినాలో అన్నీ నేర్పాను. అంటే టియెదాన్ బయటివాళ్ళకి పోలేదు, ఇంట్లోనే ఉన్నాడు. సంతోషించాల్సిన సంగతే.

నవంబరు 4

సంతోషంగానే ఉన్నాను.

నవంబరు 7, శనివారం

వెన్‌చీ సంచీ నిండా గడ్డకట్టిన బేరిపళ్ళు మోసుకొచ్చింది. నల్లగా రాళ్ళలా ఉన్నాయి. గుమ్మంలోనే నా చేతులు రెండూ పట్టుకుంది.

"అక్కా, నా మీద కోపంగా ఉందా?"

"కోపమెందుకే? నీకొస్తే నాకొచ్చినట్టు కాదూ?"

"నిజంగా?"

"నిజంగానే. బూట్లు విప్పి లోపలికి రా, చలిగాలి కొడుతోంది."

పళ్ళు మంచు విడవడానికి చన్నీళ్ళ గిన్నెలో వేసి వచ్చేసరికి అది తిన్నగా మా ఆయన దగ్గరికి వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చుంది. "బావగారూ, మీరు ఆవిరి ఇంజను నడిపారు కదా. ఇంజను ఊపిరి ఎలా పీలుస్తుందో నాకు నేర్పాలి" అంది.

మా ఆయన పేరు షౌయీ. ఆయన ఇంజను దిగి కొన్నేళ్ళయింది. ఆవిరి ఇంజన్లు ఆపేశాక డీజిలు ఎక్కమన్నారు. దానికి ప్రాణం లేదని ఎక్కకుండా రిటైరైపోయాడు. అప్పట్నుంచీ పేపరు, టీవీ, పొద్దుతిరుగుడు గింజలు. నేను ఏదన్నా అంటే రెండోసారి చెబితే గాని పలకడు. బాయిలరు హోరుకి చెవులు మందగించాయంటాడు. వెన్‌చీ మాట మాత్రం మొదటిసారికే వినపడింది.

"ఛుక్ ఛుక్ అని ఏ ఇంజనూ అనదమ్మా" అన్నాడు పేపరు మడిచి పక్కన పెడుతూ. "అది స్టూడియోవాళ్ళు కల్పించిన గోల."

"ఆ కల్పించింది నేనే" అన్నాను వంటింట్లోంచి.

వినపడలేదు.

ఆయన అరచేత్తో బల్ల మీద కొట్టి చూపించాడు. "కొండెక్కేటప్పుడు నాలుగు దెబ్బలు. ఇదిగో ఇలా. నాలుగోది బరువు. అప్పుడు ఊపిరి. చక్రం జారిందనుకో, దెబ్బలు గబగబా పడిపోతాయి, గుండెదడలాగా. కంగారు పడకూడదు. ఆవిరి కట్టేసి మళ్ళీ మొదట్నుంచీ."

వెన్‌చీ కళ్ళు మూసుకుని చేసింది. నాలుగు దెబ్బలు, నాలుగోది బరువు. ఆయన తొడ చరుచుకుని నవ్వాడు. ఆ నవ్వు ఈ ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో. బేరిపళ్ళు సరిగ్గా మంచు విడవకముందే ఒకటి కొరికాను. పళ్ళు జివ్వుమన్నాయి.

నవంబరు 14, శనివారం

వెన్‌చీ మళ్ళీ పాఠానికి వచ్చింది. ఆయన గడ్డం గీసుకున్నాడు.

నవంబరు 18

క్రేన్ అమ్మమ్మ రికార్డింగు. మొత్తం భాగంలో నాకు మూడు మాటలు. "అయ్యో", "అయ్యయ్యో", "జాగ్రత్త నాయనా". డౌ బ్రహ్మాండం అన్నాడు. పక్క మైకు ముందు వెన్‌చీ టియెదాన్‌గా కొండెక్కింది. సౌండు చూసే కుర్రాళ్ళు చెవులకి పెట్టుకున్నవి తీసేసి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అందరికంటే నేనే ఎక్కువసేపు కొట్టాను కాబట్టి ఎవరూ ఏమీ అనుకుని ఉండరు.

నవంబరు 21, శనివారం

మళ్ళీ గీసుకున్నాడు. చొక్కా కూడా ఇస్త్రీదే.

అది వెళ్ళాక అడిగేశాను. "ఇన్నేళ్ళలో నాకెప్పుడూ నేర్పలేదే?"

"ఏమిటి?"

"ఆ నాలుగు దెబ్బలు."

"నువ్వెప్పుడూ అడగలేదే?"

"ఎవర్ని అడగనయ్యా? అప్పుడు నువ్వు నెలలో సగం రోజులు బండి మీదే ఉండేవాడివి. నువ్వు లేని ఇంట్లో కూర్చుని, నువ్వెలా వెళుతున్నావో ఊహించుకుని ఆ ఛుక్ ఛుక్ నేనే కట్టుకున్నాను."

"ఊఁ" అన్నాడు. విన్నాడో లేదో తెలియదు. టీవీలో వాతావరణం చెబుతున్నారు.

నవంబరు 29

మొదటి భాగం నిన్న వచ్చింది. ఇవాళ బజారులో చేపలావిడ "కాంగక్కా, కొత్త టియెదాన్ అచ్చం నిజం ఇంజనే అనుకో! మా మనవరాలు బల్ల కిందనుంచి బయటికి రానంటోంది, అదే సొరంగమట. ఎవరా అమ్మాయి? మీకు తెలుసా?" అని అడిగింది.

తెలియదన్నాను. చేప కొనలేదు. ఊరబెట్టిన పుల్లటి క్యాబేజీ ఉంది, అదే వండాను. ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు, కాబట్టి చేప లేకపోతే వచ్చిన నష్టమేమీ లేదు.

డిసెంబరు 9

ఇవాళ టియెదాన్ చచ్చిపోయాడు.

గని ఊరిని వరద ముంచేస్తుంది. టియెదాన్ బడిపిల్లలందరినీ పెట్టెల్లో ఎక్కించుకుని వంతెన దాటిస్తాడు. చివర్లో నీళ్ళు పొయ్యిలోకి వచ్చేస్తాయి. "పిల్లలందరూ దిగారా?" అని అడుగుతాడు, మంట ఆరిపోతుంది. వెన్‌చీ ఆ మాట ఎంత చిన్నగా అందంటే గదిలో ఎవరూ కదల్లేదు. డౌ ముక్కు తుడుచుకున్నాడు. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు టియెదాన్ కోసమో, ఆ మాట నేను అంత బాగా ఎన్నడూ అనలేదని తెలిసినందుకో చెప్పలేను.

అసలు సంగతి ఆ తరవాత జరిగింది. చచ్చిపోయే పాత్ర చెప్పినవాళ్ళకి, గది గడప దాటకముందే, అక్కడున్నవాళ్ళలో పెద్దవాళ్ళు ఎర్ర కవరు చేతిలో పెట్టాలి. ఒక చిన్న నోటు, ఒక మిఠాయి, అంతే. ఆ చావు గొంతులో ఉండిపోకూడదని. మా గురువుగారు ఎన్నడూ తప్పలేదు. ఆయన పోయాక స్టూడియోలో పెద్దదాన్ని నేనే.

వెన్‌చీ గడప దగ్గర ఆగి నావైపు చూసింది. సౌండు కుర్రాడు "ఇంజను చావు కూడా చావేనా?" అన్నాడు. ఇంకొకడు "మంట ఆరితే చచ్చినట్టే కదరా" అన్నాడు. డౌ "వచ్చే భాగంలో మళ్ళీ మంట పెడతారుగా, అది నిద్రే" అన్నాడు. అందరూ నవ్వారు. చివరికి నన్నే అడిగారు.

"ఇనుముకి ప్రాణమేమిటి? అక్కర్లేదు" అన్నాను.

వెన్‌చీ "అలాగే అక్కా" అంది. తల వంచుకుని గడప దాటింది.

డిసెంబరు 10

కవరు నా చేతిసంచీలోనే ఉంది. రికార్డింగుకి ముందురాత్రే సర్ది పెట్టుకున్నాను, మిఠాయితో సహా. ఇవ్వకూడదనుకుని కాదు. చర్చ అలా సాగింది, ఏం చెయ్యను?

డిసెంబరు 13

వెన్‌చీకి గొంతు పోయింది. జలుబనుకున్నారు. డాక్టరు లోపల వాచిందన్నాడట, నెల రోజులు గుసగుస కూడా మాట్లాడకూడదట.

జలుబు ఊరందరికీ ఉంది. కింది అంతస్తులో ఇద్దరికి వచ్చింది. వాళ్ళేమన్నా చచ్చిపోయే పాత్రలు చెప్పారా?

డిసెంబరు 15

డౌ మళ్ళీ టీ పోశాడు. ఈసారి అతని మొహమే పాలిపోయి ఉంది. "వదినా, టియెదాన్ మళ్ళీ లేచే భాగం ఈ నెలలో ఇచ్చి తీరాలి. ఛానెలువాళ్ళు ఒప్పుకున్నది వెన్‌చీ గొంతు. మారిందని తెలిస్తే నా తోలు ఒలుస్తారు. మీరు చెప్పండి. పేరు మాత్రం దానిదే వేస్తాను. ఎవరికీ తెలియకూడదు, ఇంట్లో కూడా."

"ఆ తరవాత?"

"చైనా కొత్త సంవత్సరం నాటికి దాని గొంతు రాకపోతే మిగతావన్నీ మీవే. అప్పుడు మీ పేరే."

ఇంటికి నడిచే వచ్చాను. చలి అసలు తెలియలేదు. చేపలావిడ దగ్గర పెద్ద చేప కొన్నాను.

డిసెంబరు 16

వెన్‌చీ గొంతు కోసం బేరిపండు, కలకండ వేసి మెత్తగా కాచాను. రంగు, వాసన, అన్నీ సరిగ్గా కుదిరాయి. ఇంత బాగా కుదిరింది కదా అని నేనే తినేశాను.

డిసెంబరు 18

మొదటి ప్రయత్నం. నా టియెదాన్ చెప్పాను, నా ఛుక్ ఛుక్, నా "నేనున్నాగా!" ఇరవయ్యేళ్ళు లోపల ఎక్కడ దాక్కున్నాడో, పిలవగానే వచ్చాడు. ఒళ్ళంతా వేడెక్కింది.

గాజు అవతల డౌ బుర్ర గోక్కున్నాడు. "వదినా, ఇది మీ టియెదాన్. నాకు వెన్‌చీ టియెదాన్ కావాలి."

"వెన్‌చీకి ఎక్కడిదయ్యా టియెదాన్? నా దగ్గర నేర్చుకున్నదే కదా!"

"కాదనను. కాని ఇప్పుడు పిల్లలకి తెలిసింది అదే. ఆ నాలుగు దెబ్బలు, నాలుగోది బరువు..."

నా చేత నాకే అనుకరణ చేయిస్తున్నారు. కోటు తీసుకుని బయటికొచ్చేశాను. ఇంటికొస్తే ఆయన "ఏం, క్రేన్ అమ్మమ్మకి కోపం వచ్చిందా?" అన్నాడు. ఆయనకి రెండు మాటలు చెబితే బల్ల మీద కొట్టి చూపించేవాడు. చెప్పలేదు. దానికి అడక్కుండానే... కాదు, అది అడిగింది. అయినా సరే. అది నేర్చుకున్నాక మిగిలిన పాఠం నాకెందుకు?

డిసెంబరు 19, శనివారం

ఇవాళ ఆయన గడ్డం గీసుకోలేదు. అది రాదు కదా. ఆ మాసిన గడ్డం చూసి ఎంత ఒళ్ళు మండిందో చెప్పలేను. దానికోసం గీసుకున్నా మంట, గీసుకోకపోయినా మంట.

వెన్‌చీ గదికి వెళ్ళాను. మళ్ళీ కాచిన బేరిపండు పట్టుకెళ్ళాను, ఈసారి మొత్తం. అది దుప్పటి చుట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి మాట్లాడబోయి నోరు మూసుకుంది.

చెప్పేశాను. టియెదాన్ నేను చెబుతున్నానని, నాకు రావడం లేదని. ఎర్ర కవరు తీసి దాని ఒళ్ళో పెట్టాను. "ఆ రోజే తెచ్చాను. ఇవ్వాలనిపించలేదు. నీ నోటి నుంచి అంత బాగా వచ్చిన మాటకి నా చేత్తో ఇవ్వాలంటే కడుపు మండింది" అన్నాను. దానికి గొంతు లేకపోవడం నాకు ఎంత మేలయిందో. నోరుంటే ఏదో మంచిమాట చెప్పేది, అప్పుడు ఇంకా మండేది.

అది కవరు రెండు చేతులతో తీసుకుంది. విప్పి మిఠాయి నోట్లో వేసుకుంది. దవడ ఉబ్బెత్తుగా పెట్టుకునే నన్ను భుజాలు పట్టి అటు తిప్పింది. వీపు మీద అరచేత్తో కొట్టింది. నాలుగు దెబ్బలు. నాలుగోది బరువు. నేను ఊపిరి వదిలాను. తప్పన్నట్టు రెండు వేళ్ళతో పొడిచి మళ్ళీ కొట్టింది. మా ఆయన బల్ల మీద కొట్టిన దెబ్బలే, దాని చేతిమీదుగా నా వీపుకి వచ్చాయి. గబగబా కొట్టింది, చక్రం జారింది. ఆగింది. మళ్ళీ మొదట్నుంచీ.

చీకటిపడేవేళకి ఆ ఊపిరి నాకు వచ్చేసింది. దిగి వస్తుంటే మెట్ల మీద కూడా అలాగే ఊపిరి తీస్తున్నాను. ఎదురొచ్చిన ముసలాయన పక్కకి తప్పుకున్నాడు.

డిసెంబరు 22

ఇవాళ ఏడాదిలో అన్నిటికంటే చిన్న పగలు, చలికాలపు పండగ. అందరూ కుడుములు తింటున్నవేళ మేం రికార్డు చేశాం.

రెండూ నేనే. క్రేన్ అమ్మమ్మ కొక్కెం దింపి బురదలోంచి టియెదాన్‌ని ఎత్తుతుంది. "లేరా నాయనా, ఎంతసేపు పడుకుంటావు?" అని నా గొంతుతో అన్నాను. పొయ్యిలో మంట పెట్టారు. వాడు దగ్గాడు. "పిల్లలందరూ దిగారా?" అని మళ్ళీ అడిగాడు. నాలుగు దెబ్బలు, ఊపిరి. జారాడు. మళ్ళీ మొదట్నుంచీ. కొండెక్కాడు.

డౌ గాజు అవతల్నుంచి లేచి వచ్చాడు. "ఒక్క టేకు చాలు వదినా, రెండోది వద్దు" అన్నాడు.

ఇంట్లో ఆయన కుడుములు చల్లారిపోకుండా మూత పెట్టి ఉంచాడు. "అమ్మమ్మ పని ఇంతసేపా?" అన్నాడు. "తుప్పు వదిలించారు" అన్నాను.

జనవరి 6

డౌ ఫోన్. ఛానెలువాళ్ళకి ఆ భాగం పంపాడట. "పెద్దాయన ఏమన్నాడో తెలుసా వదినా? ఈ అమ్మాయి ఇంత బాగా ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు, ఈ అమ్మాయిని వదలొద్దు, మిగతా భాగాలన్నీ ఇప్పుడే ఒప్పందం రాయించుకో అన్నాడు."

"ఏ అమ్మాయిని?"

అవతల గొంతు సవరించుకున్నాడు. "వెన్‌చీకి గొంతు దాదాపు వచ్చేసిందట వదినా" అన్నాడు చివరికి.

నేను అంత బాగా చెప్పి ఉండకపోతే టియెదాన్ నాకు దక్కేవాడు. తిరిగి తిరిగి ఆ ఒక్కమాట దగ్గరికే వస్తున్నాను. కాస్త పాడుగా చెప్పి ఉంటే చాలు. చెప్పలేకపోయాను. వాడు కొండెక్కుతుంటే పాడుగా ఎవరు చెప్పగలరు?

జనవరి 8

నాకేం బాధ లేదని రాద్దామని కూర్చున్నాను. రాయను. బాధగా ఉంది. ఆ పిల్ల అంటే అసూయగా ఉంది. దాని గొంతు అంటే, దాని వయసు అంటే, మా ఆయన దానికి బల్ల మీద కొట్టి చూపించిన అరచెయ్యి అంటే.

జనవరి 23, శనివారం

సాయంత్రం టియెదాన్ లేచే భాగం వచ్చింది. వెన్‌చీ మా ఇంట్లోనే చూస్తానని వచ్చింది. గొంతు ఇంకా కాస్త బొంగురు, కాని వచ్చేసింది. ఆయన గడ్డం గీసుకుని కూర్చున్నాడు, ఒళ్ళో గింజల గిన్నె.

నేను కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని కూర్చున్నాను. తెర కాదు, ఆయన మొహమే చూశాను. టియెదాన్ బురదలోంచి లేచి దగ్గగానే గింజలు ఒలవడం ఆగిపోయింది. మొదటి నాలుగు దెబ్బలకి ఆయన అరచెయ్యి తనంతట తనే మోకాలి మీద పడింది. చక్రం జారినప్పుడు "ఆవిరి కట్టెయ్, కట్టెయ్" అని గొణిగాడు. కొండెక్కేసరికి కళ్ళు తుడుచుకుంటున్నాడు. పెళ్ళయ్యాక ఆ మనిషి ఏడవగా నేను చూడలేదు, మా అత్తగారు పోయినప్పుడు కూడా.

"అబ్బ, ఎంత బాగా చెప్పావే పిల్లా!" అన్నాడు వెన్‌చీతో. "నేను ఇంజను మీద ఉన్నట్టే ఉంది."

వెన్‌చీ నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. అది వినలేదు.

"అది నేను కాదు బావగారూ. నాకప్పుడు గొంతెక్కడిది? అక్కే చెప్పింది."

ఆయన పగలబడి నవ్వాడు. "ఊరుకోవే! మీ అక్క మనసు నొచ్చుకుంటుందని అలా అంటున్నావు గాని... మా ఆవిడ గొంతు నాకు తెలియదా? పొద్దున లేచిన దగ్గర్నుంచీ వింటూనే ఉన్నాను."

"నిజం బావగారూ, ఒట్టు."

"సరే, సరే" అని నావైపు తిరిగాడు, చిన్నపిల్లని ఊరుకోబెట్టినట్టు. "నువ్వూ బాగానే చేశావులే. ఆ ముసలి క్రేను అచ్చం నీలాగే ఉంది."

ఎక్కడ రాజుకుందో తెలియదు. ఇన్నాళ్ళ మంటా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. నేను కుర్చీలోంచి లేవలేదు, మొహం కూడా మార్చలేదు. టియెదాన్‌తోనే అనిపించాను.

"ఏం డ్రైవరూ! గింజలు తింటూ కూర్చున్నావా? ఇక్కడ పొయ్యి ఆరిపోతోంది, బొగ్గెయ్యి!"

ఆయన ముందు వెన్‌చీ నోటివైపు చూశాడు. అది రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. అప్పుడు నావైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. కొత్తగా ఇంట్లోకి వచ్చినవాళ్ళని చూసినట్టు చూశాడు. ఈ రెండు నెలలూ నేను దేనికోసం అంత మండిపోయానో, ఆ చూపు చూశాక తెలిసింది.

గిన్నె బల్ల మీద పెట్టి, తన కుర్చీ నా దగ్గరికి లాక్కున్నాడు.

"ఇంకోసారి అను" అన్నాడు.

అననన్నాను.